నమూనా రాతల దస్త్రం

(రాతపనిని ఉపాధిగా ఎంచుకోదలచిన యువతీయువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రంలో మా ప్రసంగానికి 'స్వతంత్ర రచయిత జీవితం' అని శీర్షిక పెట్టారు. అంత విస్తారమైన విషయం మీద మాట్లాడే అధికారం మాకు లేదు. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత బస్తీ పిల్లల దరఖాస్తులు, వ్యాసాలు దిద్దే పనిలో పడినవాళ్లం. అందుచేత ఈ పూట ఒక చిన్న సంగతికే పరిమితమవుతాం. పత్రికా కార్యాలయానికో, అనువాద సంస్థకో, స్వచ్ఛంద సంస్థకో వెళ్లి రాతపని ఇవ్వమని అడిగినప్పుడు వారు సాధారణంగా డిగ్రీ పట్టా చూపమనరు. 'ఇంతవరకు రాసినవి ఏవైనా ఉంటే చూపించండి' అంటారు. ఆ మాట విన్నప్పుడు మన చేతిలో ఏముండాలన్నదే నేటి విషయం.

ఇంగ్లీషులో దీనిని పోర్ట్‌ఫోలియో అంటున్నారు. మేము ఈ ప్రసంగమంతటా దస్త్రం అనే అంటాం. కచేరీలో పుట్టి పెరిగిన అలవాటు అది. పైగా ఆ మాట ఫారసీ నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో స్థిరపడిన మాట. అర్జీ, దరఖాస్తు, దస్తావేజు, జవాబు, హామీ, సిఫారసు, వకాల్తా, చివరికి నమూనా కూడా అలా వచ్చినవే. ఇటువంటి పదాల కోసం సి.పి. బ్రౌన్ దొర ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువునే కూర్చవలసి వచ్చింది. 'మీరు తెలుగు బాగానే రాస్తారే!' అని ఎవరైనా ఆశ్చర్యం ప్రకటించినప్పుడు మన పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. ఆ ఆశ్చర్యపోయినవారు రోజూ వాడే తెలుగులో మన పెద్దల నోటి మాటలు ఎన్ని ఉన్నాయో వారికి తెలియదని గుర్తుంచుకుంటే చాలు.

రాతపనితో బతకడం మన బస్తీలకు కొత్త కూడా కాదు. తాలూకా కచేరీల ముందు, రిజిస్ట్రారు ఆఫీసుల ముందు చెట్టు కింద చిన్న బల్ల వేసుకుని అర్జీలు, దస్తావేజులు రాసిపెట్టిన మునుపటి తరం పెద్దలను మీలో కొందరు చూసే ఉంటారు. వారికి జీతం లేదు, యజమాని లేడు. ఒకరికి రాసిపెట్టిన అర్జీ ఫలిస్తే ఆ కబురు విని మరొకరు వచ్చేవారు. వారి దస్త్రం ఊరి జనం నోట్లో ఉండేది. ఇప్పుడు పని ఇచ్చేవారు మన ఊరివారు కారు, మనల్ని ఎరిగినవారు కారు. కనుక ఆ కబురు కాగితం మీదికి రావాలి.

అచ్చు పత్రికలు కుంచించుకుపోతున్నాయన్నది నిజమే. అయితే రాతపని తరిగిపోలేదు, వేషం మార్చుకుంది. ఆరోగ్య ప్రచారపు కరపత్రాలు, సర్వే ప్రశ్నావళులు, బ్యాంకు ఫారాలు, ఫోను తెర మీద కనిపించే మాటలు, సినిమాల ఉపశీర్షికలు, వీడియోలకు స్క్రిప్టులు, చెవితో వినే కథలు, పోటీ పరీక్షల పుస్తకాలు, పెద్దమనుషుల ఆత్మకథలు: ఇవన్నీ ఎవరో ఒకరు తెలుగులో రాయవలసినవే. ఇంటి నుంచే చేయదగిన పని కావడం వల్ల డిగ్రీ చదివి, పెళ్లయి, ఉద్యోగానికి బయటికి వెళ్లే వీలులేని మన ఆడపిల్లలకు ఇది ఒక దారి. ఆ దారి మొదట్లోనే ఒక చిక్కుముడి ఉంది. పని చేసి ఉంటేనే చూపడానికి నమూనా ఉంటుంది; నమూనా ఉంటేనే పని దొరుకుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఎవరైనా పెద్దల సిఫారసు కోసం తిరుగుతారు.

ఆ ముడి విప్పడం కష్టం కాదు. దస్త్రంలో పెట్టే రచన అచ్చయి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఎవరూ అడగకపోయినా, అడిగారనుకుని రాయండి. మీ దినపత్రిక ఆదివారం అనుబంధంలో ఎటువంటి వ్యాసం వస్తుందో, ఎంత నిడివిలో వస్తుందో చూసి, అదే నిడివిలో, అదే గడువులో రాయండి. అచ్చయిన వాటికి అచ్చయినవని, కాని వాటికి 'నమూనాగా రాసినది' అని నిజాయితీగా పైన రాసి ఉంచండి. ఈ రెండో మాట రాయడానికి పిల్లలు సిగ్గుపడుతున్నారు. సిగ్గుపడవలసింది అచ్చు కానిదాన్ని అచ్చయిందని చెప్పుకోవడానికి మాత్రమే.

ఏమి రాయాలన్న దగ్గర కొంచెం నిలబడదాం. మన పిల్లలు తెచ్చే మొదటి నమూనాలు చాలామటుకు ఒక్క తీరుగానే ఉంటాయి. సమాజానికి జరుగుతున్న అన్యాయం మీద ఆవేశంతో రాసిన నాలుగు పేజీలు. ఆ ఆవేశాన్ని మేము తక్కువ చేయడం లేదు. దానికి కారణాలున్నాయని ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. కానీ పని ఇచ్చేవాడు ఆ నాలుగు పేజీల్లో వెతికేది వేరు. ఈ మనిషి నలుగురి దగ్గరికి వెళ్లి అడిగి తెలుసుకోగలడా, విన్నదాన్ని వరుసలో పెట్టగలడా, అంకె రాస్తే ఆ అంకె నిలబడుతుందా అని అతడు చూస్తాడు.

ఉదాహరణకు ఒక విషయం తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని 2022లో 9, 10 తరగతులకే పరిమితం చేసింది. ఎనిమిదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం కింద ఉచిత విద్య అందుతోంది కనుక అవసరం లేదన్నది చెప్పిన కారణం. అదే ఏడాది మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు పార్లమెంటులో ప్రకటించింది. ఈ రెండు వాక్యాలు రాసి, కింద మూడు పేజీల ఆక్రోశం రాయవచ్చు. అలా రాసినవి చాలానే వచ్చాయి. లేదా ఒక పుస్తకం పట్టుకుని మన వీధిలో పదిళ్లు తిరగవచ్చు. ఆ డబ్బు వచ్చినప్పుడు ఆ తల్లి దానితో ఏమి కొనేది? సంచీయా, బూట్లా, ట్యూషను ఫీజా? ఆగిపోయాక ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తోంది? ఉచిత విద్య అన్న మాట వినగానే ఆమె ఏమంటుంది? బడి హెడ్‌మాస్టరు ఏమంటారు? ఇవన్నీ రాసుకుని ఎనిమిది వందల మాటల్లో పెడితే అది వ్యాసం. ప్రభుత్వం చెప్పిన కారణం కూడా అందులో ఉండాలి. ఎదుటివాడి వాదనను సరిగ్గా రాయగలిగినవాడి మాటకే విలువ. ఆక్రోశం రాసినవాడికి చప్పట్లు దొరుకుతాయి. రెండోవాడికి పని దొరుకుతుంది, సమాజానికి సాక్ష్యమూ దొరుకుతుంది.

అంకెలు కావాలంటే ఊహించి రాయవద్దు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. అవతలి బల్ల వెనుక చాలా ఏళ్లు కూర్చున్నవాళ్లం కనుక ఒక కిటుకు చెబుతాం. 'మైనారిటీలకు ఎందుకు అన్యాయం చేస్తున్నారు' అని అడిగితే ఆ దరఖాస్తుకు జవాబు ఉండదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది కాగితంలో ఉన్న సమాచారాన్ని, అభిప్రాయాన్ని కాదు. 'ఫలానా మండలంలో ఫలానా మూడు విద్యా సంవత్సరాల్లో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని తిరస్కరించారు, తిరస్కరణకు నమోదు చేసిన కారణాల నకలు ఇవ్వండి' అని అడిగితే సంబంధిత గుమాస్తా రిజిస్టరు తీయక తప్పదు. జిల్లా కార్యాలయంలో రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. గడువు 30 రోజులు. అలా తెచ్చుకున్న ఒక్క కాగితం ఆధారంగా రాసిన వ్యాసం దస్త్రంలో ఉంటే, మిగిలిన నాలుగూ సాధారణంగా ఉన్నా ఫరవాలేదని మా అభిప్రాయం.

రెండో నమూనా అనువాదం కావాలి. ఈ విషయంలో మన పిల్లలకున్న బలం వారికే తెలియదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య రోజూ తిరుగుతూ కూడా 'మాకు ఏ భాషా సరిగా రాదు' అని దిగులుపడతారు. ఉర్దూ మాధ్యమంలో బోధించే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు, దానికి ఏడాది ముందే హైదరాబాదులో దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పారు. చదువుకు ముందు అనువాదం కావాలని గ్రహించిన నేల ఇది.

అనువాదపు నమూనాకు మూలం పక్కనే ఉండాలి. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో తెలుగు. మూలంగా సచార్ కమిటీ నివేదిక నుంచి ఒకటిన్నర పేజీ తీసుకోండి. 2006లో పార్లమెంటు ముందుంచిన నివేదిక అది. చట్టసభ ముందుంచిన కమిటీ నివేదికలను పునర్ముద్రించుకునే వెసులుబాటును కాపీరైటు చట్టమే కల్పించింది. ఇంకొకరి కథనో కవితనో అనుమతి లేకుండా అనువదించి ఊరంతా తిప్పడం కన్నా ఇది మేలు. పైగా ఆ నివేదిక గురించి మాట్లాడనివారు మన సభల్లో లేరు, దాన్ని తెరిచి చదివినవారు మాత్రం కొద్దిమందే. ఒక పేజీ తెలుగు చేసినా చదివినట్లవుతుంది.

అనువాదంలో మేము ఎర్ర సిరా ఎక్కువగా వాడేది ఒక్క చోట. 'ఈ పథకం ద్వారా అర్హులైన మహిళలకు ఆర్థిక సహాయం అందించబడుతుంది' అని రాస్తారు. ఈ 'బడు'ల వాక్యం మా కచేరీల్లో మేమూ మా ముందువాళ్లూ పెంచి పోషించిన వాక్యమే, కాదనం. కానీ కరపత్రం చదివేది మేము కాము, ఒక అమ్మ. 'అర్హులైన మహిళల ఖాతాలో ప్రభుత్వం నేరుగా డబ్బు వేస్తుంది' అంటే ఆమెకు అర్థమవుతుంది. ఇచ్చేవారెవరో, ఎక్కడ పడుతుందో కూడా తెలుస్తుంది. బూదరాజు రాధాకృష్ణ గారి ఆధునిక వ్యవహారకోశం సంపాదించుకోండి. ఇంగ్లీషు మాటకు జనం నోట నలిగిన తెలుగు మాట ఏదో చూడడానికి అది మంచి తోడు.

ఉర్దూ చదవడం వచ్చినవారికి ఇంకొక పని ఉంది. నిజాం రాజ్యంలో 1884 నుంచి ఉర్దూ అధికార భాష. తెలంగాణ జిల్లాల్లో పాత సేత్వార్లు, ఖాస్రా పహాణీలు, అమ్మకపు కాగితాలు, వక్ఫ్ పత్రాలు ఆ లిపిలోనే ఉన్నాయి. ఇవాళ వాటిని చదివించుకోవడానికి హిందువులు, ముస్లింలు అని లేదు, రైతులందరూ వెతుక్కుంటున్నారు. ఆ శికస్తా రాత చదవగలిగిన పెద్దలు తరిగిపోతున్నారు. వారి పక్కన ఆర్నెల్లు కూర్చుని నేర్చుకుంటే అదే ఒక జీవనోపాధి. న్యాయస్థానంలో దాఖలు చేసే అనువాదానికి వేరే నియమాలుంటాయి, అవి వకీలును అడిగి తెలుసుకోవాలి. దస్త్రంలో నమూనాగా పెట్టేటప్పుడు సొంతదారుని అనుమతి తీసుకుని, పేర్లు, సర్వే నంబర్లు మూసివేసి పెట్టండి. ఒకరి భూమి కాగితం మన ప్రతిభకు ప్రదర్శన కాకూడదు.

ఇక ఇష్టం లేకపోయినా చెప్పవలసిన మాట. ముస్లిం పేరు చూడగానే సంపాదకులకు మూడు విషయాలు గుర్తుకొస్తాయి. రంజాను నెలలో హలీము, మొహర్రంలో పీర్ల పండుగ, ఏడాది పొడుగునా బురఖా. ఈ మూడింటికీ మనల్ని పిలుస్తారు, నాలుగోదానికి పిలవరు. పిలిచినప్పుడు రాయవద్దని అనడం లేదు. మనం రాయకపోతే మన గురించి తెలియనివారు రాస్తారు. కానీ దస్త్రమంతా ఆ మూడింటితోనే నింపితే ఆ గడి తలుపు మనమే లోపలి నుంచి గడియ పెట్టుకున్నట్లు. అయిదు నమూనాల్లో కనీసం రెండు అందరి విషయాలూ కావాలి. ఆర్టీసీ బస్సు వేళలు, మిరప రైతు ఖర్చు, మునిసిపాలిటీ నీళ్లు, పదో తరగతి పరీక్షలు, క్రికెట్టు. వక్ఫ్ మీద రాసినంత సాధికారంగా మురుగు కాలువ మీద రాయగలమని చూపించాలి. మురుగు కాలువ మన బస్తీల్లోనే ఎక్కువ పొంగుతుందన్నది వేరే సంగతి!

దీనికి ఎదురు వాదన ఉంది. ఖాదర్ మొహియుద్దీన్ గారి 'పుట్టుమచ్చ' 1991లో వచ్చినప్పుడు, స్కైబాబ గారి సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితలు 1998లో, 'వతన్' కథలు 2004లో వచ్చినప్పుడు, తెలుగు సాహిత్యంలో మన బతుకుకు చోటు దొరికింది. మహమ్మద్ ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కథలను మతభేదం లేకుండా ఇళ్లలో చదువుకుని నవ్వుకున్నారు. వారందరూ తమ ఇంటి సంగతులు రాసే కదా పేరు తెచ్చుకున్నారు, మమ్మల్ని వేరేవి రాయమంటారేం అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అది సాహిత్యం, ఎవరో అడిగితే రాసింది కాదు, రాయకుండా ఉండలేక రాసింది. మనం ఇక్కడ మాట్లాడుతున్నది కూలికి చేసే రాతపని గురించి. బట్టలు కుట్టే మన దర్జీ ఒక్క షేర్వానీయే కుట్టి కూర్చోడు కదా. సాయంత్రం కథ రాసుకోండి, పగలు కరపత్రం రాయండి. రెండింటికీ వేర్వేరు దస్త్రాలు పెట్టుకోండి.

పేరు సంగతి కూడా ఇక్కడే. ముస్లిం పేరుతో పంపితే తిరిగి వచ్చిందని, అదే వ్యాసం వేరే పేరుతో పంపితే తీసుకున్నారని ఒక అమ్మాయి మాతో చెప్పింది. ఆ పత్రిక పేరు ఇక్కడ అనవసరం. కలం పేరు పెట్టుకోవడం మనకు తప్పేమీ కాదు, ఉర్దూ కవులందరికీ తఖల్లుస్ ఉండేది. ఇంటి పెద్దలు పేరు బయటపడడానికి ఒప్పుకోనప్పుడు కూడా కలం పేరు అక్కరకొస్తుంది. దస్త్రానికి ఫొటో అవసరం లేదని తల్లిదండ్రులు గమనించాలి. రాతను చూసి పని ఇవ్వాలి, ముఖం చూసి కాదు. అయితే భయపడి పేరు దాచుకోవడం వేరు, ఇష్టపడి కలం పేరు ఎంచుకోవడం వేరు. మొదటిదాన్ని మేము ఎవరికీ సలహా ఇవ్వం, ఎవరినీ నిందించం కూడా. బిల్లు మీద, బ్యాంకు ఖాతా మీద మాత్రం అసలు పేరే ఉండాలి.

ఆ ఖాతా ఎవరిది? ఈ ప్రశ్న తరగతిలో అడిగినప్పుడల్లా గదిలో నిశ్శబ్దం ఏర్పడుతుంది. రాసేది చెల్లెలు, డబ్బు పడేది అన్న ఖాతాలో. అన్నలు చెడ్డవాళ్లని మా ఉద్దేశం కాదు. కానీ పాన్ కార్డు, ఖాతా రాసినవారి పేరిటే ఉండాలి. సంస్థలు వృత్తిపర రుసుము చెల్లించేటప్పుడు ఒక పరిమితి దాటితే సాధారణంగా 10 శాతం పన్ను మినహాయించుకుంటాయి. ఆ మొత్తం పాన్ ఎవరిదైతే వారి లెక్కలో కనిపిస్తుంది. ఆదాయం పన్ను కట్టవలసినంత లేకపోతే రిటర్ను దాఖలు చేసి తిరిగి తెచ్చుకోవచ్చు. అన్న పాన్ ఇస్తే ఆదాయమూ అన్నదే, అనుభవమూ అన్నదే అవుతుంది. రేపు ఆ అమ్మాయి 'నేను మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాను' అని ఏ కాగితంతో రుజువు చేసుకుంటుంది?

హక్కుల విషయం క్లుప్తంగా చెబుతాం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఉద్యోగిగా కాక విడిగా రాసినప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, రచయితే మొదటి హక్కుదారు. ఆ హక్కును ఇంకొకరికి బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక పత్రం ఉండాలని 19వ సెక్షను చెబుతోంది. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికని అర్థం. హక్కు అమ్మేసిన తర్వాత కూడా ఈ రచన మాదేనని చెప్పుకునే అధికారాన్ని 57వ సెక్షను కాపాడుతోంది. ఫోనులో 'పంపండి, చూద్దాం' అన్న మాటకు మురిసిపోయి ముప్పై పేజీలు పంపవద్దు. పరీక్షగా రెండు మూడు వందల మాటలు అడగడం ధర్మమే. పుస్తకంలో ఒక్కొక్క అధ్యాయాన్ని ఒక్కొక్క అభ్యర్థికి పరీక్షగా ఇచ్చి, మొత్తం పుస్తకాన్ని ఉచితంగా అనువదింపజేసుకున్న ఘనులు కూడా ఉన్నారు. మా దగ్గర చదివిన ముగ్గురు అమ్మాయిలు ఒకే పుస్తకంలోని మూడు అధ్యాయాలు పట్టుకుని వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసింది.

వేరొకరి పేరుతో రాసిపెట్టిన ఆత్మకథలు, ప్రసంగాలు దస్త్రంలో పెట్టకూడదు. ముందుగానే 'రెండు పేజీలు నమూనాగా చూపించుకోవడానికి అభ్యంతరం లేదు' అని రాయించుకుంటే పెట్టవచ్చు. అలాగే ఇంటర్వ్యూ ఇచ్చినవారి అనుమతి. తలాక్ పొందిన సోదరి తన కష్టం చెప్పుకుంటే, అది మన దస్త్రంలో ఎన్ని చేతులు మారుతుందో ఆమెకు ముందే చెప్పాలి. పేరు మార్చితే సరిపోదు. వీధి, వృత్తి, పిల్లల సంఖ్య రాస్తే బస్తీలో అందరికీ తెలిసిపోతుంది.

ఇప్పుడు యంత్రాలు కూడా వ్యాసాలు రాసిపెడుతున్నాయి. కృత్రిమ మేధ రాసినదాన్ని సొంత నమూనాగా పెట్టుకున్నవారు మొదటి వారంలోనే చిక్కుతారు, ఎందుకంటే పని ఇచ్చేవారు ఎదురుగా కూర్చోబెట్టి ఒక పేరా రాయమంటున్నారు. మన పదిళ్ల ముచ్చట ఏ యంత్రానికీ తెలియదు కూడా.

భాష విషయంలో మన పిల్లలకు ఒత్తులతోనే తగాదా. 'ధ'కు 'ద', 'ళ'కు 'ల', 'ణ'కు 'న' రాస్తారు. బిగ్గరగా చదివితే సగం దొరుకుతాయి, మిగిలిన సగానికి నిఘంటువు ఉంది. ఆంధ్రభారతి వారి కోశాల్లో ఫోను మీదే వెతకవచ్చు. ఉర్దూ మాటలు తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కు. రంజానా, రమజానా? మొహర్రమా, ముహర్రమా? ఏదైనా సరే, ఒక దస్త్రంలో ఒకే తీరు ఉండాలి. ఒక కాగితం మీద మీరు వాడే మాటల జాబితా రాసి పెట్టుకోండి. ఆ జాబితాను కూడా దస్త్రం చివర జతచేస్తే అనువాద సంస్థలవారు సంతోషిస్తారు. క్రమం తెలిసిన మనిషి అని దాన్నిబట్టే గ్రహిస్తారు.

దస్త్రం రూపం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అయిదారు రచనలకు మించకూడదు. అన్నిటికన్నా బాగున్నది మొదట పెట్టాలి. ఒక్కొక్కదాని పైన ఎప్పుడు, ఎవరి కోసం, ఎంత గడువులో రాశారో రెండు వరుసలు. యూనికోడులో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చండి. పాత డీటీపీ అక్షరాలతో చేసిన ఫైలు అవతలివారి దగ్గర ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలుగా తెరుచుకుంటుంది. అచ్చయిన ముక్కను స్కాను చేసేటప్పుడు పత్రిక పేరు, తేదీ కనబడాలి. సంపాదకుడికి రాసిన లేఖ అచ్చయినా సరే, అదీ అచ్చే. తెలుగు వికీపీడియాలో రాసిన వ్యాసాలకు మీ వాడుకరి పేరుతో చరిత్ర నిలిచి ఉంటుంది; ఆధారాలు చూపి రాయడం అక్కడ బాగా అలవాటవుతుంది.

పాతబడినవి తీసేయడం మరవకండి. మా రెవెన్యూ కచేరీల్లో పని ముగిసిన ప్రతి కాగితానికీ ఒక గుర్తు వేసేవాళ్లం. ఎల్.డిస్. అంటే ఏడాది, కె.డిస్. అంటే మూడేళ్లు, డి.డిస్. అంటే పదేళ్లు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. కొత్తవాళ్లు రాసిన ప్రతిదానికీ ఆర్.డిస్. గుర్తు వేసుకుంటారు. ఏడాది తర్వాత మళ్లీ చదివితే అందులో చాలా వాటికి ఎల్.డిస్. చాలని మీకే తోస్తుంది. దస్త్రం నుంచి తీసేయండి, చించివేయవద్దు. ఇంట్లో వేరే కట్ట కట్టి దాచుకోండి.

వచ్చే ఆదివారం ఇదే చోట, ఇదే వేళకు కూర్చుంటాం. ప్రతి ఒక్కరూ రెండు నమూనాలు తీసుకురండి. ఒకటి వీధి తిరిగి రాసింది, ఒకటి అనువాదం. పాత ఉర్దూ దస్తావేజులు చదవగలిగిన పెద్దలు ఇద్దరు వస్తామన్నారు, ఆ విద్య మీద ఆసక్తి ఉన్నవారు వారి దగ్గర పేరు ఇవ్వండి. టైపు సౌకర్యం లేనివారు చేతిరాతతోనే తేవచ్చు. కాగితానికి ఒకవైపే రాయండి. దిద్దుబాట్లకు ఎడమ వైపు మూడు వేళ్ల వెడల్పు అంచు వదలండి.